సీఏ ఇంటర్ లెక్కలు జవాబు మూసేసి రాయండి

కడపలోనో కర్నూలులోనో ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్ క్లాసులతో సీఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెన్సీ కోర్సులో మధ్య దశ) చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. జవాబు చదువుతుంటే లెక్క వచ్చేసినట్టే అనిపిస్తుంది. తెల్ల కాగితం ముందు కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. సీఏ పరీక్షలు పెట్టే సంస్థ ఐసీఏఐ వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు, మాక్ టెస్ట్ పేపర్లు, ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు) ఉచితంగానే ఉన్నాయి. గడియారం పెట్టుకుని రాయండి. 3 గంటల్లో 100 మార్కులంటే మార్కుకు రెండు నిమిషాలు కూడా రావు. రాశాక ఐసీఏఐ ఇచ్చిన సజెస్టెడ్ ఆన్సర్ పక్కన పెట్టి, వర్కింగ్ నోట్స్ (లెక్క చేసిన మెట్లు) ఎలా చూపించారో తప్పకుండా గమనించండి. చివరి అంకె తప్పినా వాటికి మార్కులు పడతాయి. ఇంకోటి, పేపర్‌కు 40 వస్తే సరిపోదు, గ్రూపు (కలిపి పాస్ కావాల్సిన పేపర్ల సెట్) మొత్తం మీద 50 శాతం కావాలి. అందుకే బాగా వచ్చే పేపర్‌కూ టైమ్ ఇవ్వండి. అందులో 60 తెచ్చుకుంటే, గ్రూపు పోయినా ఆ పేపర్ మళ్లీ రాయకుండా మినహాయింపు దొరుకుతుంది.