పీడీఎఫ్ నొక్కగానే తెరుచుకోకుండా డౌన్‌లోడ్ కావాలంటే

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగు సంఘాలు దరఖాస్తులు, పాఠాలు వెబ్‌సైట్‌లో పెడితే చాలామంది ఫోన్‌లోనే తెరుస్తారు. సిగ్నల్ పోతే పేజీ మాయం. ఫైలు ఫోన్‌లోకి దిగితేనే తర్వాత జెరాక్స్ షాపులో చూపించి ప్రింటు తీయించుకోగలరు.

తేలిక దారి: లింకు ట్యాగులో హెచ్‌రెఫ్ (ఫైలు చిరునామా ఉండే చోటు) పక్కన డౌన్‌లోడ్ అనే యాట్రిబ్యూట్ (ట్యాగుకు ఇచ్చే అదనపు సూచన) చేర్చండి. ఫైలు మీ డొమైన్‌లోనే ఉండాలి. వేరే సైటులో ఉంటే బ్రౌజరు ఆ యాట్రిబ్యూట్‌ను పట్టించుకోదు. వాట్సాప్‌లో నేరుగా పంపిన లింకుకీ ఇది పనిచేయదు.

అందుకే సర్వరు నుంచే చెప్పించడం మేలు. ఫైలుతో పాటు సర్వరు బ్రౌజరుకు పంపే సూచనను హెడర్ అంటారు. కంటెంట్-డిస్పొజిషన్ అనే హెడర్‌కు అటాచ్‌మెంట్ అని విలువ ఇవ్వాలి. మీ సర్వరు సాఫ్ట్‌వేర్ అపాచీ అయితే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైలులో, ఫైల్స్‌మ్యాచ్ అనే ఆదేశంతో పీడీఎఫ్‌లకే వర్తించేలా రాయండి. అపాచీలో హెడర్లను మార్చే మాడ్-హెడర్స్ అనే భాగం ఆన్‌లో లేకపోతే 500 ఎర్రర్ వస్తుంది. ఎన్‌జింక్స్ అనే మరో సర్వరు సాఫ్ట్‌వేర్ డాట్ హెచ్‌టీయాక్సెస్‌ను అసలు చదవదు. దాని సొంత సెట్టింగులలో, లొకేషన్ బ్లాకులో యాడ్-హెడర్ రాసి రీలోడ్ చేయాలి.

తెలుగు, ఒడియా ఫైలు పేర్ల దగ్గరే ఎక్కువ తిప్పలు. అక్షరాలను కంప్యూటరు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘క’ ఒక్కటే 3 బైట్లు. ఒక్కో బైటును % గుర్తుతో రాసే పర్సెంట్ ఎన్‌కోడింగ్‌లో 9 క్యారెక్టర్లు. అలాంటి పేర్లను అదే హెడర్‌లో, ఫైల్‌నేమ్ అనే మాట తర్వాత నక్షత్రం గుర్తు ఉన్న రూపంలో ఇవ్వండి, పక్కనే ఇంగ్లిష్ అక్షరాల పేరు కూడా ఉంచండి.

మార్చాక కూడా పాత తీరే కనిపిస్తే అది క్యాష్ (బ్రౌజరు దాచుకున్న పాత కాపీ) కావచ్చు. కంప్యూటరు టెర్మినల్‌లో కర్ల్ హైఫన్ క్యాపిటల్ ఐ (curl -I) కమాండు పక్కన ఫైలు లింకు ఇచ్చి హెడర్ వస్తోందో లేదో చూడండి. ఒక్క చూపుతో సరిపోయే నోటీసులను మాత్రం బ్రౌజరులోనే తెరవనివ్వండి.