స్పైక్ వేసిన ట్యూబ్‌లోనే రీడింగ్ పడిపోతోందా? అల్యూమినా స్లర్రీ: సమస్య - పరిష్కారం

అల్యూమినా పొడిని కరిగించకుండా నీళ్లలో కలిపి (ఈ పాలలాంటి ద్రవమే స్లర్రీ), లోహాలు ఎంతున్నాయో కొలిచే ప్లాస్మా యంత్రం ఐసీపీకి నేరుగా పెట్టారు. మొదటి రీడింగ్ బాగుంది, రెండోది తగ్గింది, మూడోది ఇంకా తగ్గింది. వెంటనే ద్రవాన్ని తుంపరగా మార్చే నెబ్యులైజర్ విప్పి కడగడం మొదలుపెడతారు. ఆగండి, ముందు ఆ ట్యూబ్‌ను లైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని ఎవరూ చెయ్యరు.

పైన నీళ్లు ఇంకా పాలలా తెల్లగానే ఉండి, అడుగున పల్చగా గట్టి పొర పేరుకుంటే పొడిలో పెద్ద రేణువులున్నట్టు. 10 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి పది నిమిషాలు చాలు, 1 మైక్రాన్ రేణువుకైతే దాదాపు 17 గంటలు పడుతుంది. ఇంకా మెత్తగా నూరండి, రేణువులను విడివిడిగా ఉంచే డిస్పర్సెంట్ ఎంత పోసినా బరువైన రేణువు ఆగదు.

అలా కాకుండా పైన నీళ్లు తేటపడి, కింద దూదిలా ఉబ్బిన మడ్డి దిగితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. పీహెచ్ చూడండి. "చూశాం, 9 ఉంది" అంటారు. ఎప్పుడు చూశారు? పొడి కలిపినప్పుడు!

నన్ను రెండు వారాలు ఏడిపించింది ఇదే. అమ్మోనియం పాలీఅక్రిలేట్ అనే డిస్పర్సెంట్ వేసి పీహెచ్ 9 దగ్గర చేసిన స్లర్రీ గంటల తరబడి కదలకుండా నిలబడేది, అందుకే దాని మీద అనుమానమే రాలేదు. స్టాండర్డ్ అడిషన్ (తెలిసినంత లోహం కలిపి రీడింగ్ ఎంత పెరిగిందో చూసే పద్ధతి, అలా కలపడమే స్పైక్) కోసం 10 మిల్లీలీటర్ల ట్యూబుల్లో 100 మైక్రోలీటర్ల ఇనుము స్టాండర్డ్ వేస్తే మాత్రం ఆ ట్యూబుల్లోనే రికవరీ, అంటే వేసినదాంట్లో రీడింగ్‌లో తిరిగి కనిపించే వంతు, తక్కువ వచ్చేది. స్టాండర్డ్ పాడైందని కొత్త సీసా తెప్పించాను, మళ్లీ అదే. చివరికి స్పైక్ వేసిన ట్యూబ్‌లో పీహెచ్ పేపర్ ముంచితే 3 చూపించింది. సీసా మీద రాసే ఉంది, 2 శాతం నైట్రిక్ యాసిడ్ అని. ఆ కొంచెం యాసిడ్‌కే పాలీఅక్రిలేట్ మీది చార్జ్ పోయి, పాలలో నిమ్మరసం పిండినట్టు స్లర్రీ విరిగిపోతోంది.

అమోనియా పోసి పీహెచ్ మళ్లీ పెంచుదామనుకోకండి, మీరు వేసిన ఇనుమే హైడ్రాక్సైడ్‌గా పడిపోతుంది. పాలీఅక్రిలేట్ మానేసి, మొదటి నుంచీ పల్చని నైట్రిక్ యాసిడ్‌లో పీహెచ్ 3 దగ్గర స్లర్రీ చెయ్యండి. అక్కడ అల్యూమినాకు సొంతంగానే బలమైన పాజిటివ్ చార్జ్ ఉంటుంది. స్పైక్ వెయ్యని ట్యూబ్‌లో కూడా అంతే యాసిడ్ పొయ్యండి, ఇది మరిచిపోతే పోలికకు అర్థమే ఉండదు. యాసిడ్ మరీ ఎక్కువైనా రేణువులు మళ్లీ ముద్ద కడతాయి. సల్ఫేట్ ఉన్న స్టాండర్డ్ అసలు వద్దు. స్పైక్ వేశాక ట్యూబ్‌ను పది నిమిషాలు స్టాండులో ఉంచి, ఇంకోసారి లైటుకు పెట్టి చూశాకే ఐసీపీకి ఇవ్వండి.

సిలికాన్ కార్బైడ్‌కు ఈ పద్ధతి పనికిరాదు, దాని మీదుండే సిలికా పొరకు యాసిడ్‌లో చార్జ్ దాదాపు మిగలదు.

మిగతావి అరుదు. టైటానియం ఉన్నట్టుండి పెరిగితే స్లర్రీని కలపడానికి వాడే అల్ట్రాసోనిక్ ప్రోబ్ టైటానియం కొన అరిగిందేమో చూడండి. ఇనుము మాత్రమే తగ్గితే స్లర్రీని తిప్పే మాగ్నెటిక్ బార్‌ను తెల్ల కాగితం మీద తుడవండి, మిల్లు నుంచి వచ్చిన నల్లటి రజను దానికే అంటుకుని కనిపిస్తుంది.