సర్వేలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఎంతమంది కాదు, ఎవరు?

పోయిన పాఠంలో ప్రశ్న ఎలా అడిగారో చూశాం. ఇప్పుడు ఆ ప్రశ్న ఎవరి దాకా వెళ్లిందో చూద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, మధ్యలో ఒక లెక్క ఉంది.

2021 జనవరిలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ కలిసి ఒక పెద్ద సర్వే ఫలితాలు ఇచ్చాయి. 50 దేశాలు, 12 లక్షల మంది. వాతావరణ మార్పును అత్యవసర పరిస్థితిగా చూడాలన్నవాళ్లు 64 శాతం. 2024లో యూఎన్‌డీపీ మళ్లీ అడిగింది. ఈసారి 77 దేశాలు, 73 వేల పైచిలుకు మంది. తమ ప్రభుత్వం ఇంకా గట్టి చర్యలు తీసుకోవాలన్నవాళ్లు 80 శాతం. (64 నుంచి 80కి పెరిగిందని రాసేయకండి. ప్రశ్నలే వేరు. రెండో పాఠం గుర్తుందిగా?)

ఈ రెండింట్లో ఏది ఎక్కువ నమ్మదగ్గది? 12 లక్షలెక్కడ, 73 వేలెక్కడ అనిపిస్తుంది. కానీ మొదటి సర్వే కోవిడ్ కాలంలో జరిగింది. మొబైల్ గేమ్స్‌లో ప్రకటన రావాల్సిన చోట ఈ ప్రశ్నలు వచ్చేలా చేశారు. యాంగ్రీ బర్డ్స్ ఆడేవాళ్లను కూడా వాతావరణం గురించి అడిగారన్నమాట! జవాబిచ్చినవాళ్లలో 5 లక్షల మందికి పైగా 18 ఏళ్లలోపు వాళ్లే. నాకైతే ఈ ఐడియా నచ్చింది, మామూలు సర్వేల్లో పిల్లల మాట దొరకదు. అయితే ఫోన్లో గేమ్స్ ఆడనివాళ్ల దాకా ఆ ప్రశ్న వెళ్లనే లేదు. 2024లో మాత్రం మెషీన్ ఏదో ఒక నంబర్ ఎంచుకుంటే దానికి ఫోన్ చేసి అడిగారు. సగటున దేశానికి 950 మంది.

950 సరిపోతారా? సర్వేలో వచ్చిన జవాబుకీ, అందరినీ అడిగితే వచ్చే జవాబుకీ మధ్య తేడా ఎంత ఉండొచ్చో చెప్పే అడ్డదారి లెక్క ఒకటుంది. 100ను జవాబిచ్చినవాళ్ల సంఖ్య వర్గమూలంతో భాగించండి. 1,000 మందైతే వర్గమూలం దాదాపు 32, అంటే తేడా అటూ ఇటూగా 3 శాతం. 10,000 మందైతే 1 శాతం. పదింతల మందిని అడిగినా మెరుగయ్యేది 2 శాతమే. అయితే మనుషుల్ని ఏ పక్షపాతం లేకుండా ఎంచుకున్నప్పుడే ఈ లెక్క పనిచేస్తుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది నిజమే, గిన్నె అంతా ఒకేలా ఉడుకుతుంటేనే.

1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి, అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలుస్తాడని చెప్పింది. ఆయన గెలిచింది రెండే రాష్ట్రాలు. ఆ పత్రిక చిరునామాలు తీసుకున్నది ఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి! పైగా ఫారాలు అందినవాళ్లలో ఎక్కువమంది తిప్పి పంపనే లేదు.

సర్వేవాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టి జవాబులకు 'వెయిట్' ఇస్తారు. చేసి చూద్దాం. జనాభాలో ఆడవాళ్లు సగం అనుకోండి. మీకు 100 జవాబులు వచ్చాయి: ఆడవాళ్లు 25 మంది, మగవాళ్లు 75 మంది. అవునన్నవాళ్లు ఆడవాళ్లలో 20, మగవాళ్లలో 30. పైకి చూస్తే 50 శాతం. ఇప్పుడు 25ను 50గా చేయాలి కాబట్టి ఆడవాళ్ల ప్రతి జవాబునూ రెండుగా లెక్కించండి: 40. మగవాళ్ల 75ను 50కి తగ్గించాలి, అంటే మూడింట రెండు వంతులు: 20. అసలు జవాబు 60 శాతం.

2021 సర్వేలో కూడా వయసు, చదువు వంటివి చూసి ఇలాగే సరిచేశారు. దానివల్ల చాలా మేలు జరుగుతుంది. కాకపోతే వచ్చిన జవాబుల బరువు మార్చగలం గానీ, రాని జవాబుకు బరువెక్కడిది? గేమ్స్ ఆడే 60 ఏళ్లాయన, ఆడని 60 ఏళ్లాయన ఒకేలా ఆలోచిస్తారని అనుకోవాల్సిందే.

అభ్యాసం

ఒకటి: ఎడెల్‌మన్ అనే ప్రజాసంబంధాల కంపెనీ 2021 సర్వేలో వ్యాపార సంస్థలను నమ్ముతున్నామన్నవాళ్లు 61 శాతం, ప్రభుత్వాన్ని నమ్ముతున్నామన్నవాళ్లు 53 శాతం. సర్వే ఆన్‌లైన్లో జరిగింది. మన దేశంలో దానికి ఎవరు జవాబిచ్చి ఉంటారు, ఎవరు ఇచ్చి ఉండరు? మూడేసి రకాల మనుషుల్ని రాయండి.

రెండు: ఆరోగ్య పరిశోధనలకు డబ్బిచ్చే బ్రిటన్ సంస్థ వెల్‌కమ్ సర్వేలో శాస్త్రవేత్తలను 'చాలా' నమ్ముతామన్నవాళ్లు 2018లో 34 శాతం, 2020లో 43 శాతం. 2018లో చాలా దేశాల్లో ఇంటికెళ్లి అడిగారు, 2020లో కోవిడ్ వల్ల ఫోన్లో అడిగారు. ఆ 9 శాతం పెరుగుదలకు నమ్మకం పెరగడమే కారణమా? ఇంకేం కారణాలు ఉండొచ్చు?

జవాబులు 4వ పాఠంలో.