గోడకు ఎదురుగా నిలబడి: నగరంలోని గోడబొమ్మలను, గోడరాతలను చూడటం ఎలా

హైదరాబాదులో ఖైరతాబాద్ ప్రాంతాన, రాజ్‌భవన్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఎం.ఎస్. మక్తా అనే బస్తీకి చాలామంది ఒక్కసారి వెళ్తారు, ఇరుకు సందుల్లో రంగురంగుల గోడల ముందు నిలబడి నాలుగు ఫొటోలు దిగుతారు, అరగంటలో తిరిగి వచ్చేస్తారు. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ తెలంగాణ ప్రభుత్వ సహకారంతో చిత్రకారులను పిలిపించి ఈ బస్తీ గోడల మీద బొమ్మలు వేయించింది. ఫొటో దిగడంలో తప్పేమీ లేదు గానీ, దిగేటప్పుడు మనం గోడకు వీపు పెట్టి నిలబడతాం. ఈ వ్యాసం గోడ వైపు తిరిగి నిలబడదలచినవారి కోసం రాస్తున్నది. మక్తాను ఉదాహరణగా తీసుకున్నా, ఇందులోని పద్ధతి మీ ఊరి బస్టాండు ప్రహరీకి కూడా పనికివస్తుంది.

ముందుగా వేళ సంగతి. ఉదయం ఏడు, ఏడున్నర మధ్య వెళ్లడం మంచిది. అప్పటికి గోడల ముందు బండ్లు, ఆటోలు పూర్తిగా నిండవు, బొమ్మ కింది భాగం కూడా కనబడుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం వెలుతురు. ఏటవాలుగా పడే ఎండలో గోడమీది గరుకుతనం, పాత పూతల అంచులు, పెచ్చులూడిన చోట్లు తేలి కనిపిస్తాయి, మధ్యాహ్నపు వెలుగులో అవన్నీ చదునైపోతాయి. అయితే దీనికి మినహాయింపు ఉంది. ఢిల్లీలోని లోధీ కాలనీలో డాకు అనే మారుపేరుతో పనిచేసే కళాకారుడు 2016లో చేసిన గోడ ఒకటుంది. గోడలోంచి ముందుకు పొడుచుకు వచ్చేలా అక్షరాలను బిగించాడు. ఎండ పైనుంచి పడినప్పుడు వాటి నీడలే గోడమీద మాటలుగా మారతాయి, పొద్దు వాలితే ఆ మాటలు సాగిపోయి చెదిరిపోతాయి. అక్కడికి పెందలాడే వెళ్తే దక్కేది ఏమీ ఉండదు.

గోడ దగ్గరికి వెళ్లాక బొమ్మను కాసేపు పక్కనపెట్టి గోడను చూడాలి. నా మట్టుకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. కాన్వాసు చిత్రకారుడికి తెల్లగా, ఖాళీగా, తన కోసమే సిద్ధమై వస్తుంది, గోడ అలా రాదు. దానికి కిటికీ ఉంటుంది, కరెంటు మీటరు డబ్బా ఉంటుంది, డాబా మీదినుంచి దిగే పీవీసీ గొట్టం ఉంటుంది, బట్టలారేసే తీగ కట్టిన మేకు ఉంటుంది. చిత్రకారుడు వీటితో ఏం చేశాడన్నది గమనించండి. మీటరు డబ్బా మీదినుంచి కూడా రంగు పోనిచ్చి అది లేనట్టు నటించాడా, దాని చుట్టూ గీత తిప్పుకొని తప్పించుకున్నాడా, లేక డబ్బానే బొమ్మలోని మనిషి చేతిలో పెట్టెగా మార్చాడా? మూడూ వేర్వేరు నిర్ణయాలు, మూడో నిర్ణయం తీసుకున్నవాడు ఆ గోడ ముందు కనీసం ఒక పూట కూర్చున్నాడని చెప్పవచ్చు.

దీని నుంచే నేను ఒక చిన్న పరీక్ష తయారుచేసుకున్నాను. ఈ బొమ్మను ఇక్కడినుంచి ఊడదీసి మరో గోడకు అతికిస్తే ఏమైనా నష్టపోతామా అని అడుగుతాను. ఫ్లైఓవరు స్తంభాల మీద వరసగా వేయించే నెమళ్లకు, చార్మినార్లకు, బతుకమ్మలకు చాలాసార్లు వచ్చే జవాబు ‘ఏమీ నష్టపోం’ అనే. వాటిలో చేతిపని ఎంత శుభ్రంగా ఉన్నా అవి అలంకారం దగ్గరే ఆగిపోతాయి. ఖాళీ స్తంభం కంటే, దానిమీది చిరిగిన పోస్టర్ల కంటే అలంకారం మేలే, కాదనను. దాని ముందు నిలబడవలసిన సేపు మాత్రం తక్కువ. మక్తాలో బొమ్మలు వేసినవారిలో హైదరాబాదుకు చెందిన స్వాతి, విజయ్ దంపతులు ఉన్నారు. తెలంగాణ స్త్రీల రూపాలు వారి పనిలో తరచుగా కనిపిస్తాయి. అటువంటి బొమ్మ ముందు నిలబడినప్పుడు బొట్టు, ముక్కుపుడక, చీరకట్టు మాత్రమే చూసి ‘మన సంస్కృతి’ అని తల ఊపకుండా, ఆ ముఖం అదే సందులో బిందె పట్టుకొని ఎదురొచ్చే మనిషిదిగా ఉన్నదా, పోస్టరులోని ముఖంలా ఉన్నదా అని పోల్చి చూడండి.

తరువాత దూరం. గోడబొమ్మను కనీసం మూడు దూరాల నుంచి చూడాలి. మొదట రోడ్డుకు అవతలి వైపు నుంచి, ఆపై గోడ ఎత్తు ఎంతో అంత దూరం నుంచి, చివరకు చేయి చాచితే అందేంత దగ్గరగా. ఢిల్లీలో ఐటీవో అనే కూడలి దగ్గర అప్పటి పోలీసు ప్రధాన కార్యాలయం గోడ మీద 2014లో అన్పు వర్కీ, జర్మన్ చిత్రకారుడు హెండ్రిక్ బైకిర్ష్ కలిసి గీసిన గాంధీ బొమ్మ సుమారు 150 అడుగుల ఎత్తు ఉంటుంది. దాన్ని కింద నిలబడి చూస్తే నలుపు, బూడిద రంగు మరకలు తప్ప ఏమీ అర్థం కాదు, కదిలే వాహనంలోంచి చూసేవారికి మాత్రం రెండు క్షణాల్లో ముఖం రూపుకడుతుంది. ఆ బొమ్మ ఎవరి కోసం గీశారన్నది ఆ దూరమే చెబుతుంది. మక్తాలో ఇందుకు పూర్తిగా భిన్నమైన పరిస్థితి. కొన్ని సందుల్లో వెనక్కి జరగడానికి చోటే లేదు, ఎదురింటి అరుగు అడ్డం వస్తుంది. అంత ఇరుకులో మనిషి రూపాన్ని ఎంత ఎత్తున, ఏ వంపుతో పెట్టాలన్నది చిన్న లెక్క కాదు.

చేయి చాచే దూరానికి వచ్చినప్పుడు పనిముట్టును గుర్తుపట్టడం నేర్చుకుంటే చూపు ఒక్కసారిగా పదునెక్కుతుంది. కుంచెతో వేసిన గీతలో వెంట్రుకల చారలు ఉంటాయి. రోలరు పూతకు నారింజ తొక్కలాంటి చిన్న చిన్న బుడిపెల తీరు ఉంటుంది. స్ప్రే డబ్బా గీతకు అంచు గట్టిగా ఉండదు, పొడి రాలినట్టు చుక్కలు చుక్కలుగా పలచబడిపోతుంది, చేయి క్షణం ఎక్కువసేపు ఆగిన చోట రంగు కారి కిందికి చార కడుతుంది. ఆ చార కావాలని వదిలిందో, చేయి జారిందో కనిపెట్టడం సరదాగా ఉంటుంది. అట్టలో అక్షరాన్ని కోసి, ఆ రంధ్రం మీదుగా రంగు పూసే స్టెన్సిల్ అచ్చుకు అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. కరెంటు స్తంభాల మీది నంబర్లను, నీళ్ల ట్యాంకర్ల మీది తెలుగు అక్షరాలను ఒకసారి దగ్గరగా చూడండి. అట్టముక్కలో సున్నాను పూర్తిగా కత్తిరిస్తే లోపలి గుండ్రటి ముక్క ఊడిపోతుంది కనుక, అక్కడక్కడ చిన్న పట్టీలు వదిలి కోస్తారు. అందుకే స్టెన్సిల్ సున్నా ఎప్పుడూ ఎదురెదురుగా పెట్టిన రెండు చంద్రవంకల్లా అచ్చుపడుతుంది. సున్నాలు, సుడులు ఇన్ని ఉన్న మన లిపికి స్టెన్సిల్ కోయడం రోమన్ లిపికి కోసినంత తేలిక కాదు.

పెద్ద గోడమీద చిన్న నమూనాను ఎలా పెంచారన్నది కూడా ఒక్కోసారి కనబడుతుంది. మన సినిమా కటౌట్ల పెయింటర్లు ఫొటో మీద గళ్లు గీసుకొని, అదే లెక్కన గోడమీద పెద్ద గళ్లు కొట్టి గడి గడికీ గీసేవారు. ఇప్పటి గోడచిత్రకారుల్లో చాలామంది గళ్లకు బదులు గోడ నిండా పిచ్చిగీతలు, అంకెలు, గుర్తులు ఇష్టం వచ్చినట్టు గీసి, దానికి ఫొటో తీసి, ఫోనులో ఆ ఫొటో మీద తమ నమూనాను పరచుకుంటారు. కనుబొమ్మ చివర ఏ పిచ్చిగీత దగ్గర పడుతుందో చూసుకొని అక్కడినుంచి మొదలుపెడతారు. రంగు పలచగా ఉన్న చోట లోపలి ఆ గీతలు నీడగా కనిపిస్తే, పని జరిగిన తీరు మీకు దొరికినట్టే.

ఇంతవరకూ చెప్పినది అనుమతి తీసుకొని వేసిన బొమ్మల గురించి. గ్రాఫిటీ, అంటే ఎక్కువగా అనుమతి లేకుండా వేసే గోడరాత, ప్రధానంగా అక్షరాలతో, అందులోనూ పేరుతో ముడిపడినది. 1967 ప్రాంతంలో ఫిలడెల్ఫియాలో కార్న్‌బ్రెడ్ అనే కుర్రాడు తన మారుపేరును ఊరంతా రాశాడు. న్యూయార్కులో 183వ వీధిలో ఉండే మరో కుర్రాడు ‘టాకీ 183’ అని మార్కరుతో కనబడ్డ చోటల్లా రాస్తూపోతే, 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అతని మీద వార్త వేసింది, ఆ తరువాత రాసేవారు ఇంకా పెరిగారు. ఒక్క ఊపులో చేసే సంతకాన్ని ట్యాగ్ అంటారు, రెండు రంగుల్లో ఉబ్బెత్తు అక్షరాలతో గబగబా వేసేదాన్ని త్రో-అప్ అంటారు, తీరిగ్గా అనేక రంగులతో చేసే పెద్ద పనిని పీస్ అంటారు. ట్యాగును చూసి ‘గోడ పాడుచేశారు’ అనిపించడం సహజమే, చాలా సందర్భాల్లో నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా దాన్ని చదివే పద్ధతి ఒకటుంది. అందులో బొమ్మ కోసం వెతకకుండా దస్తూరీని చూడాలి. చేయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, మధ్యలో తడబడిందా, అంత ఎత్తుకు మనిషి ఎలా చేరాడు, అన్నీ వదిలి ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నాడు అని గమనించాలి.

తెలుగువారికి ఇందులో ఒక సౌలభ్యం ఉంది, గోడరాత మనకు కొత్త కాదు. ఎన్నికల నినాదాలు, విద్యార్థి సంఘాల పిలుపులు, తెలంగాణ ఉద్యమ కాలపు రాతలు, ‘నోటీసులు అంటించరాదు’ అన్న హెచ్చరికలు చూస్తూనే పెరిగాం. వీటిని కూడా అదే శ్రద్ధతో చూడమని నా సలహా. పట్టీ కుంచె పట్టుకున్న మంచి రాతగాడు తలకట్టును ఒకే విరుపుతో లాగుతాడు, కుంచె తిరిగిన చోట గీత లావు మారడమే ఆ అక్షరానికి అందం. గోడ కొలత సరిగా అంచనా వేయనివాడు ‘వర్ధిల్లాలి’లో మొదటి అక్షరాలను ధారాళంగా రాసి, చివరికొచ్చేసరికి ‘లి’ని మూలలో ఇరికించేస్తాడు. అలాంటి ‘లి’ని మీరూ చూసే ఉంటారు.

చట్టం సంగతి క్లుప్తంగా. అనుమతి లేకుండా నలుగురికీ కనబడే గోడలను రాతలతో, పోస్టర్లతో పాడుచేయడాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. కనుక చూసి ఉత్సాహం పుట్టి మీరూ డబ్బా పట్టుకోదలిస్తే, ముందు ఇంటివారి అనుమతి, అవసరమైన చోట మునిసిపాలిటీ అనుమతి తీసుకోవాలి. రెండో వైపున, వేసినవారికీ హక్కులున్నాయి. 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షను ప్రకారం తన కృతి తనదని చెప్పుకునే హక్కు, దానిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కళాకారుడికి ఉంటాయి. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడనుంచి తొలగించి పాడుచేసిన తన కంచు కుడ్యశిల్పం కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ పోరాడగా, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పింది. ఫొటోను మీ సంతోషానికి దాచుకోవడం వేరు, దాన్ని టీషర్టు మీద అచ్చువేసి అమ్మడం వేరు. ఎక్కడ పెట్టినా బొమ్మ కింది మూలన సంతకం ఉంటే ఆ పేరు కూడా రాయండి.

మరొక సంగతి తరచుగా మరచిపోతుంటాం. బొమ్మ ఉన్న గోడ ఒకరి ఇల్లు. కిటికీలోంచి లోపల మనుషులు కనిపిస్తుంటే ఫోను ఎత్తకూడదు, గడప మీద కూర్చున్నవారిని అడగకుండా ఫొటోలోకి లాగకూడదు. అడిగితే ఎక్కువమంది కాదనరు, పైగా బొమ్మ గురించి మనకు తెలియని సంగతి చెబుతారు. ఒకసారి ఒక సందులో బొమ్మలోని చేతికి అడ్డంగా మూరెడు వెడల్పున పచ్చి సిమెంటు పట్టీ కనిపించింది. వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఆమెను, “పెద్దమ్మా, ఇదేమైంది?” అని అడిగాను. “పైపు పగిలిందని తవ్విన్రు బిడ్డా. సిమెంటు పూసి పోయిన్రు, మల్ల రంగు ఎవ్వరెయ్యలె,” అన్నది చేట ఆపకుండానే. తరువాత చేటను ఒళ్లో పెట్టుకొని, ఆ చేతికి గాజులు ఎన్ని ఉండేవో లెక్క చెప్పింది.

కాబట్టి చివరి సూచన, మళ్లీ వెళ్లడం. ఒక చిన్న పుస్తకం పెట్టుకొని గోడ ఉన్న చోటు, తేదీ, వెలుతురు రాసుకోండి, ఆరు నెలలకోసారి అదే చోట నిలబడి అదే కొలతలో ఫొటో తీయండి. పడమటి ఎండ నేరుగా తగిలే గోడమీద ఎరుపు, పసుపు ముందుగా వెలిసి, నీలం చాలాకాలం నిలవడం తెలుస్తుంది. వానాకాలం దాటాక నేల చెమ్మ పైకెక్కి, ఉప్పు పూసినట్టు తెల్లబడి, బొమ్మ కాళ్ల దగ్గరినుంచి పెచ్చులు ఊడటం మొదలవుతుంది. కొందరు మళ్లీ రంగు వేయించాలంటారు, కొందరు ఉన్నది ఉన్నట్టు పోనివ్వాలంటారు, నేను గోడ ఎవరిదో వారి మాటకే మొగ్గుతాను. సిమెంటు పట్టీ ఉన్న సందుకు నేను మళ్లీ వెళ్లినప్పుడు గాజులు తిరిగి రాలేదు. ఆ పట్టీ మీద, నా నడుమెత్తున, బొగ్గుతో మూడు నిలువు గీతలు, పైన రెండు అడ్డగీతలు గీసి ఉన్నాయి, మధ్య వికెట్టు చుట్టూ బంతి తగిలిన గుండ్రటి మట్టి ముద్రలు. పుస్తకంలో తేదీ వేసి వాటిని లెక్కపెట్టుకున్నాను, పదకొండు ఉన్నాయి.