గూగుల్ ఫామ్ జవాబులు నేరుగా ఎయిర్‌టేబుల్‌లోకి: కోడ్ రాయకుండా

ఫామ్ జవాబుల్ని ఎయిర్‌టేబుల్ (ఆన్‌లైన్ డేటాబేస్) లోకి చేర్చడానికి ఇక్కడ వాడేది జాపియర్, అంటే యాప్‌లను కలిపే సాధనం. ముందు టేబుల్, తర్వాతే ఆటోమేషన్. ఎయిర్‌టేబుల్‌లో పేరు, ఫోన్, ఈమెయిల్, తేదీ కాలమ్‌లు పెట్టుకోండి. ఫోన్ కాలమ్‌ని నంబర్ రకంగా పెట్టకండి, మొదటి సున్నా, ప్లస్ గుర్తు ఎగిరిపోతాయి. టెక్స్ట్‌గానే ఉంచండి.

ఇప్పుడు ఫామ్‌ని మీరే ఒకసారి అన్ని గడులూ నింపి పంపండి. జాపియర్‌లో శాంపిల్‌గా (నమూనాగా) వచ్చేది ఆ జవాబే. ఖాళీ వదిలిన ప్రశ్న మ్యాపింగ్‌లో (ప్రశ్నని కాలమ్‌కి జత చేసే చోట) కనిపించకపోవచ్చు. జాపియర్‌లో ట్రిగ్గర్‌గా (పని మొదలయ్యే చోటు) గూగుల్ ఫామ్స్, యాక్షన్‌గా (జరగాల్సిన పని) ఎయిర్‌టేబుల్‌లో కొత్త రికార్డు ఎంచుకుని ఏ ప్రశ్న ఏ కాలమ్‌లోకో జత చేయండి.

చిక్కులన్నీ ఇక్కడే. డ్రాప్‌డౌన్ ఆప్షన్ ఫామ్‌లో, టేబుల్‌లో రెండు చోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. చివర ఒక్క స్పేస్ ఎక్కువైనా అది వేరే ఆప్షన్ కిందే లెక్క. తేదీ 03/04 అని వస్తే ఏప్రిల్ 3నా, మార్చి 4నా? 2025-04-03 రూపంలోకి జాపియర్‌లోని ఫార్మాటర్‌తో మార్చాకే పంపండి.

ఒకే మనిషి రెండుసార్లు ఫామ్ నింపితే రెండు రికార్డులు పడతాయి. దీన్ని మొదట్లోనే అరికట్టడం మేలు, తర్వాత ఏరడం నరకం. ఈమెయిల్‌ని చిన్న అక్షరాల్లోకి మార్చి, దానితో రికార్డు వెతికే స్టెప్ పెట్టండి. దొరికితే అప్‌డేట్, లేకపోతే కొత్తది.

ఆన్ చేశాక హిస్టరీ (ఏది నడిచింది, ఏది ఆగింది చూపే జాబితా) చూస్తూ ఉండండి. ఆటోమేషన్ ఆగి ఉన్నప్పుడు వచ్చిన జవాబులు తిరిగి ఆన్ చేస్తే వాటంతటవే రావు. వాటిని ఫామ్ జవాబులు చేరే గూగుల్ షీట్ నుంచి మీరే ఎక్కించాలి.