నర్సింగ్‌లో తొలి సెమిస్టర్ – 4వ పాఠం: మందు లెక్కలో సున్నా

సెలైన్ చుక్కల లెక్క ఈసారి చెబుతానని మాటిచ్చాను. చెబుతాను, కానీ చివర్లో, కాస్తే. పోయిన పాఠంలో ఇచ్చిన ఒక్క లెక్కకు మీ నుంచి ఐదు రకాల జవాబులు వచ్చాయి. ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

లెక్క మళ్లీ ఇస్తున్నాను. 44 పౌండ్ల బరువున్న పిల్లవాడికి అమాక్సిసిలిన్ రాశారు. రోజుకు, కిలోకు 45 మి.గ్రా.; దాన్ని రెండు భాగాలు చేసి 12 గంటలకోసారి ఇవ్వాలి. సీసా మీద 5 మి.లీ.కి 400 మి.గ్రా. అని ఉంది. ఒక్కో డోసుకు ఎన్ని మి.లీ.?

మీరు పంపినవి: 27.2, 11.25, 6, 5.60, 5.6.

27.2 రాసినవాళ్లు పౌండ్లను 2.2తో భాగించాల్సింది పోయి గుణించారు. అప్పుడు పిల్లవాడి బరువు 96.8 కిలోలవుతుంది. మా ఆయనే అంత లేరు! కిలోల అంకె ఎప్పుడూ పౌండ్ల అంకెలో సగం కంటే తక్కువే ఉంటుంది. నా అడ్డదారి ఒకటి చెబుతాను: పౌండ్లను సగం చేసి, ఆ సగంలోంచి పదోవంతు తీసేయండి. 44లో సగం 22, అందులోంచి 2.2 పోతే 19.8. అసలు జవాబు 20. ఇది సరిచూసుకోవడానికి మాత్రమే, టెస్టు పేపరు మీద రాయడానికి కాదు.

11.25 వచ్చినవాళ్లు రోజంతటి మందునూ ఒకేసారి పట్టించేశారు. ‘రోజుకు’ అన్న మాట మీద పెన్నుతో సున్నా చుట్టి ఉంటే ఇది జరిగేది కాదు. 6 రాసినవాళ్లు చెంచా కొలతకు సర్దేశారు. 10 మి.లీ. నోటి సిరంజి చేతిలోకి తీసుకుని చూడండి, 0.2 చొప్పున గీతలుంటాయి. 5.6 సరిగ్గా ఒక గీత మీదికే వస్తుంది.

లెక్క నడిచే తీరు: 44ను 2.2తో భాగిస్తే 20 కిలోలు. 20 × 45 = 900 మి.గ్రా., ఇది రోజు మొత్తానికి. రెండుగా చేస్తే డోసుకు 450. 450ని 400తో భాగించి 5తో గుణిస్తే 5.625. చివర్లో ఒక్కసారే ఒక దశాంశ స్థానానికి సవరించి 5.6 మి.లీ.

మధ్యలో సవరించొద్దని పోయినసారే చెప్పాను. నమ్మనివాళ్లు పిల్లవాడి బరువు 50 పౌండ్లనుకుని చేసి చూడండి. మొదట్లోనే 23 కిలోలు చేసేస్తే జవాబు 6.5 వస్తుంది. చివరిదాకా ఆగితే 6.4.

స్కూల్లో త్రైరాశికం మనకు కొట్టిన పిండి, అందుకని అదే వాడతామని కొందరు రాశారు. వాడండి, కాదనను. కానీ నేను మాత్రం ప్రతి అంకె పక్కనా యూనిట్ రాసి, పైనా కిందా ఒకటే ఉన్నవాటిని కొట్టేసుకుంటూ వెళతాను. చివరికి మి.లీ. ఒక్కటే మిగలాలి. మి.గ్రా. మిగిలిందంటే ఎక్కడో తప్పు చేశామన్నమాట. గ్రాములు, మిల్లీగ్రాములు, మైక్రోగ్రాముల మార్పిడి మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఇక 5.60. ఇది పంపినవాళ్లకి లెక్క అంతా వచ్చు, అందుకే నాకు ఎక్కువ కోపం.

నా సంగతే చెబుతాను. ముప్ఫై నాలుగేళ్ల వయసులో, పిల్లల్ని స్కూల్లో దింపి, ఇక్కడ అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల ఏడీఎన్‌లో, అంటే నర్సింగ్ అసోసియేట్ డిగ్రీలో, చేరాను. మొదటి డోసేజ్ టెస్టులో, అంటే మందు మోతాదుల పరీక్షలో, 25 లెక్కలు. బీఎస్సీ మ్యాథ్స్ చదివినదాన్ని, అరగంటలో ఇచ్చేసి బయటికొచ్చాను. 88 వచ్చింది. పాస్ మార్కు 90. తప్పు అని కొట్టేసిన మూడింటిలోనూ లెక్క సరిగ్గానే ఉంది. ఒకచోట .5 అని, ఒకచోట .25 అని, ఇంకోచోట 2.0 అని రాశాను, అంతే. ఆ మూడు చోట్లా ఎర్ర పెన్నుతో చుట్టి ఉంది, పక్కన ఒక్క మాట కూడా లేదు.

మన కిరాణా కొట్టు చీటీ గుర్తు తెచ్చుకోండి. యాభై రూపాయలైతే 50=00 అని రాస్తారు, మధ్యలో ఎవరూ ఇంకో అంకె దూర్చకుండా. చెక్కు మీద 500/- అనీ అందుకే. అలా వెనక సున్నాలు పెట్టడం జాగ్రత్త అని మన చేతికి చిన్నప్పటి నుంచి అలవాటు. సైన్సు ల్యాబులోనేమో 5.0 అంటే ఇంకా కచ్చితం అని నేర్పారు. మందు రాసేటప్పుడు ఈ రెండు అలవాట్లూ ఎదురు తిరుగుతాయి.

వార్ఫరిన్ 5.0 మి.గ్రా. అని రాశారనుకోండి. గీతల కాగితం మీద ఆ దశాంశ చుక్క సరిగ్గా గీత మీదే పడింది. లేదా ఫ్యాక్సులో మాయమైంది. చదివేవాళ్లకి కనిపించేది 50. రక్తం పలచబరిచే మందు పదింతలు వెళుతుంది. .5 అని రాస్తే అదే చుక్క పోయి 5 అవుతుంది, అదీ పదింతలే. అందుకని చుక్కకు ముందు అంకె లేకపోతే సున్నా పెట్టి తీరాలి: 0.5. చుక్క తర్వాత అనవసరమైన సున్నా ఎప్పుడూ పెట్టకూడదు: 5.

ఇదేదో మా టీచరమ్మ చాదస్తం అనుకున్నాను అప్పట్లో. కాదు. అమెరికా ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ‘వాడకూడని రాతలు’ అని ఒక జాబితా పెట్టింది. ఈ రెండు సున్నాల సంగతీ అందులోనే ఉంది. యూనిట్లు అనడానికి ఒక్క ‘యు’ (U) అక్షరం రాయడమూ అందులోదే. ఇన్సులిన్ 10 పక్కన ఆ అక్షరం గుండ్రంగా పడితే 100లా కనిపిస్తుంది. యూనిట్స్ అని పూర్తిగా రాయండి, చెయ్యేమీ అరిగిపోదు.

‘మరి ల్యాబ్ రిపోర్టులో పొటాషియం 4.0 అని ఉంటుందిగా’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉంటుంది. ల్యాబ్ ఫలితాలకు మినహాయింపు ఉంది. మీరు మందు మోతాదు రాస్తున్నప్పుడు లేదు.

కంప్యూటర్లు వచ్చాక ఇవన్నీ ఎందుకంటారా? చాలా నర్సింగ్ కోర్సుల్లో డోసేజ్ టెస్టు గట్టెక్కకపోతే క్లినికల్స్‌లో, అంటే ఆసుపత్రి శిక్షణలో, మందులు ఇవ్వనివ్వరు. పాస్ మార్కు 90 ఉన్నచోట్లున్నాయి, 100 ఉన్నచోట్లూ ఉన్నాయి. ఎన్నిసార్లు రాయనిస్తారో, ఎన్నో స్థానానికి సవరించాలో మీ కాలేజీ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. ఈ రాత్రే తీసి చూడండి.

పనిలో పనిగా ఇంకో మాట. అమెరికా కామాలు మూడేసి అంకెలకు వస్తాయి. పెన్సిలిన్ 5,000,000 యూనిట్లంటే మన 50 లక్షలు, ఐదు లక్షలు కాదు. లక్షల్లోకి మార్చుకుని ఆలోచించడం మానేసి సున్నాలు లెక్కపెట్టండి.

చుక్కల లెక్క. సెలైన్ ఎక్కించే పంపు ఉంటే గంటకు ఎన్ని మి.లీ. అన్నదే కావాలి: 1,000 మి.లీ. 8 గంటల్లో అంటే గంటకు 125. పంపు లేకపోతే ట్యూబు కవరు చూడండి, మి.లీ.కి 10, 15, 20 లేక 60 చుక్కలు అని ఉంటుంది. 15 అయితే, 1,000ని 15తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే 31.25. చుక్కను కోయలేం కాబట్టి నిమిషానికి 31. అంతకంటే ఇందులో ఏమీ లేదు. గంటల్ని నిమిషాలు చేయడం మరిచిపోతే నిమిషానికి 1,875 చుక్కలు వస్తాయి, అది చూసి మీకే నవ్వొస్తుంది.

మందుల పేర్లు తికమకగా ఉన్నాయన్నవాళ్లకు: ఇక్కడి అసిటమినోఫెన్ మన పారాసిటమాల్, ఆల్బ్యుటెరాల్ మన సాల్బ్యుటమాల్, ఎపినెఫ్రిన్ మన అడ్రినలిన్. ప్రస్తుతానికి ఈ మూడు చాలు.

అభ్యాసం. వంటగది టైమర్ 12 నిమిషాలకు పెట్టండి. ఫోను ఇంకో గదిలో ఉండాలి. పేషెంటు బరువు 176 పౌండ్లు. హెపారిన్ మొదట కిలోకు 80 యూనిట్లు ఒకేసారి ఇచ్చి, తర్వాత గంటకు కిలోకు 18 యూనిట్ల చొప్పున ఎక్కించాలి. సంచిలో 250 మి.లీ.కి 25,000 యూనిట్లు ఉన్నాయి. మొదటి డోసు ఎన్ని యూనిట్లు? పంపును గంటకు ఎన్ని మి.లీ. మీద పెట్టాలి? ఆరు గంటల తర్వాత రక్తపరీక్ష చూసి గంటకు కిలోకు 2 యూనిట్లు తగ్గించమన్నారు, ఇప్పుడు పంపు ఎంత మీద ఉండాలి? మూడు జవాబులూ యూనిట్లతో సహా చేత్తో రాసి, ఆ కాగితం ఫొటో తీసి పంపండి. టైపు చేసినవి చూడను, మీ చుక్క ఎక్కడ పడిందో నాకు కనబడాలి.