వైజాగ్‌లో లెటర్‌బాక్సింగ్ క్లూలు వెతకాలంటే

లెటర్‌బాక్సింగ్ అనే ఆటలో, ఎవరో దాచిన డబ్బాను క్లూలు పట్టుకుని కనిపెట్టాలి. అందులోని రబ్బరు స్టాంపును మన పుస్తకంలో, మన స్టాంపును డబ్బాలోని పుస్తకంలో వేసుకోవాలి. 1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో మొదలైన సరదా ఇది.

క్లూల కోసం నేను ముందు చూసేది అట్లాస్ క్వెస్ట్ అనే వెబ్‌సైట్. లెటర్‌బాక్సింగ్ నార్త్ అమెరికా అనే సైట్ కూడా ఉంది కానీ, పేరులోనే తెలుస్తోంది కదా, మనకు పెద్దగా పనికిరాదు. సెర్చ్‌లో విశాఖపట్నం అని పూర్తి స్పెల్లింగ్ కొట్టి, ఎంత దూరం వరకు వెతకాలో ఎంచుకోండి. ఖాళీ పేజీ వస్తే టెన్షన్ పడకండి, దూరం పెంచండి. అప్పుడూ ఏమీ రాకపోతే జియోకాషింగ్ సైట్ చూడండి. అదీ దాచిన డబ్బాలు వెతికే ఆటే, కానీ అందులో క్లూల బదులు జీపీఎస్ అంకెలు ఇస్తారు.

క్లూ దొరికితే దాన్ని చివరిసారి ఎవరు, ఎప్పుడు కనిపెట్టారో చూడండి. ఏళ్ల తరబడి ఎవరికీ దొరకని డబ్బా కోసం ఎండలో కైలాసగిరి ఎక్కడం దండగ.

‘బెంచీ నుంచి తూర్పుకు పది అడుగులు’ అని ఉంటే దిక్సూచి తీయండి. మనవాళ్లు సముద్రం ఉన్న వైపే తూర్పు అనుకుంటారు. ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది! పది అడుగుల్లో పెద్ద తేడా రాదు గానీ, వంద అడుగులైతే వేరే చెట్టు కింద తవ్వుతారు. అసలు తవ్వకూడదు కూడా. డబ్బాను రాళ్ల సందులోనో, చెట్టు వేళ్ల మధ్యనో దాస్తారు. నేవీ స్థలాల జోలికి మాత్రం వెళ్లకండి.